పద్నాలుగో నియమం, రెండు పులసలు

రఘురాంగారితో వచ్చిన చిక్కల్లా ఆయన చేపలు కొనడం. పేకాట, పొగాకు లాంటి తేలికపాటి అలవాట్లు ఆయనకేమీ లేవు. ఉంటే భార్య వేదవతి ఎలాగో సర్దుకునేది. వానాకాలం వచ్చిందంటే చాలు, శనివారం సాయంత్రం నడకకు వెళ్లి, దీపాలు వెలిగే వేళకు కాలనీ పక్కగేటు దగ్గర చేపలమ్మే నిమాయ్ బుట్ట ముందు ఆగుతారు. ఓడ కొనేవాడిలా చుట్టూ తిరిగి, మొప్ప ఎత్తి చూసి, తల పంకించి మరీ కొంటారు. ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, "మొప్పలు చూడు వేదా, మందారం!" అంటారు.

ట్యూబులైటు కింద వేదవతికి కనిపించేది మందారమే. కాకపోతే పూజ అయిపోయి బుట్టలో పారేసినది.

"ఇది మందారమేటండీ? పాత చెప్పు తోలులా ఉంటేను!"

"గేటు దగ్గర బాగానే ఉంది. లోపలికొచ్చి నీ మొహం చూసేక దిగులు పట్టుంటాది."

వాసనకైనా తెలియాలి కదా అంటే, రఘురాంగారి ముక్కు ఆయనకంటే ముందే పోర్టులో రిటైరైంది.

కోల్‌కతా అంతా ఇలిష్ అని కలవరించే ఆ చేప, గార్డెన్ రీచ్‌లోని వంశధార కాలనీలో మాత్రం పులసే. శ్రీకాకుళం నుంచి, విశాఖ నుంచి పోర్టు ఉద్యోగాలకీ రైల్వే ఉద్యోగాలకీ వచ్చిన తెలుగువాళ్లు సంఘం పెట్టుకుని కట్టుకున్న కాలనీ అది. అక్కడ వేదవతి పులుసుకు ఒక హోదా ఉండేది. కాలనీ వార్షిక విందులో ఆమె పులుసు గిన్నె మూత తీసేదాకా ఎవరూ విస్తరి ముందు కూర్చునేవారు కాదు. బెంగాలీ అల్లుళ్లు సైతం ఆవాలు మరిచిపోయి చింతపండుకు జై అనేవారు.

అలాంటి పులుసు, రఘురాంగారు రిటైరై చేపలు తానే కొనడం మొదలుపెట్టిన ఈ రెండేళ్లుగా మునుపటిలా ఉండడం లేదు. ఆ సంగతి వేదవతికీ తెలుసు. చచ్చి చాలాసేపైన చేపకు చింతపండు ప్రాణం పోయలేదని కూడా తెలుసు. కానీ రఘురాంగారి లెక్క వేరు. కాలనీ అధ్యక్షుడు సత్యానందంగారింట్లో, నలుగురి ముందు, చేయి కడుక్కుంటూ ఆయన అననే అన్నారు. "వేదా చేతిలో ఆ రుచి పోయింది. ఈసారి విందుకి పులుసు కేటరర్‌కి ఇచ్చేద్దాం. తనకీ విశ్రాంతి."

విశ్రాంతి! వేదవతి ఆ రోజు నవ్వి ఊరుకుంది. ఆమె నవ్వి ఊరుకుందంటే జాగ్రత్త పడాలని ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఇంకా నేర్చుకోలేదు.

ఒక శనివారం ఆమె కూడా ఆయన వెంట పక్కగేటుకు వెళ్లింది. స్తంభం మీద సోడియం దీపం నారింజ రంగులో వెలుగుతోంది. నిమాయ్ మొప్ప ఎత్తి చూపించాడు. రఘురాంగారు "మందారం!" అన్నారు. వేదవతికి అది మందారమూ కాదు, తోలూ కాదు, ఏదో ఒక ముదురు రంగు. పక్క చేప మొప్పా అదే రంగు. అనుమానం వచ్చి తన చీర చూసుకుంది. ఇంట్లో చిలకాకుపచ్చగా ఉన్న చీర ఇక్కడ కాచిన ఆముదంలా ఉంది. చేతి ఎర్రగాజులు నల్లగా ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, శ్రీకాకుళం కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ ల్యాబు. చీకటి గదిలో సోడియం దీపం ముందు కూర్చుని ప్రయోగం చేస్తుంటే, స్నేహితురాలి జడలో ఎర్ర రిబ్బను నల్లబడిపోవడం చూసి అందరూ పకపకా నవ్వితే, లెక్చరర్ అందరినీ గదిలోంచి గెంటేశారు. చదువుకున్నది ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని నాన్నగారు అనేవారు. ఇలా చేపల బుట్ట దగ్గర పనికొస్తుందని ఆయన కూడా ఊహించి ఉండరు.

"నిమాయ్ దా," అని బెంగాలీ వరసలో అన్నయ్యను చేసి పిలిచింది వేదవతి, "ఈ లైటు కింద తాజా చేప ఏదో, నిన్నటిది ఏదో నీకు తెలుస్తుందా?"

నిమాయ్ ముందు రఘురాంగారిని, తర్వాత దీపాన్ని చూసి, సిగ్గుపడకుండా నవ్వాడు. "ఏ ఆలోయ్ సోబ్ మాఛ్ టాట్కా, బౌదీ!"

ఈ వెలుతురులో అన్ని చేపలూ తాజావేనట.

"విన్నావా, తాజావేనంటున్నాడు," అన్నారు రఘురాంగారు సంచీ అందుకుంటూ.

ఆ దీపాన్ని మార్చడానికి వీల్లేదు. అడ్డం పద్నాలుగో నియమం. కాలనీ కట్టిన కొత్తలో, పోర్టు దీపాల విభాగంలో పని చేస్తున్న రఘురాంగారే స్వయంగా కూర్చుని, గంభీరమైన తెలుగులో రాసిన నియమం అది. "ఆవరణమందలి ప్రతి దీపము సోడియం దీపమై యుండవలెను. దాని కాంతి రెండువందల యేబది వాట్లకు తగ్గరాదు. అన్య దీపమేదియు స్తంభమునకు అమర్చరాదు." అప్పట్లో చుట్టుపక్కల వీధులు కరెంటు కోతలో మునిగిపోతే, వంశధార కాలనీ మాత్రం జనరేటరు మీద నారింజ రంగులో వెలిగేది. నది మీద ఓడల వాళ్లు కూడా చూసేవారని ఆయన చెప్పుకుంటారు. నిజమే, చూసేవారు. వేదవతి కూడా కొత్తకోడలిగా మేడమీద నిలబడి ఆ వెలుగు చూసి గర్వపడింది. అందుకే ఇన్నాళ్లు నోరెత్తలేదు.

ఇప్పుడు గేటు బయట వీధి దీపాలన్నీ ఎల్ఈడీలు. సోడియం దీపం కాలిపోతే కొత్తది బజారులో దొరకదు. పక్కగేటు దారిలో సగం స్తంభాలు గుడ్డివైపోయాయి. సత్యానందంగారి భార్య, స్కూలు టీచరు విజయ కుమారి, ఆ చీకట్లో గుంటలో కాలు పెట్టి మడమ బెణికించుకుంది. అయినా నియమం నియమమే.

వేదవతి కొత్త నియమం రాసి భర్త చేతికిచ్చింది. దీపం ఏ రకమైనా సరే, తొంబై వాట్ల ఎల్ఈడీ అయినా సరే. ఎన్ని వాట్లు తింటుందో కాదు, ఎంత వెలుతురు ఇస్తుందో ల్యూమెన్లలో చూడాలి. రంగులు రంగుల్లా కనబడాలి. కళ్లు జిగేలుమనే తెలుపు వద్దు, కాస్త పసుపు కలిసిన తెలుపు కావాలి. దీపానికి టోపీ ఉండాలి. అది నేల వైపే చూడాలి గాని ఎవరి పడకగది కిటికీలోకీ తొంగి చూడరాదు.

రఘురాంగారు చదివి కళ్లజోడు తీశారు. "తొంబై వాట్ల దీపం రెండువందల యాభై వాట్లతో పోటీయేటి? కాంతి సగానికి సగం పడిపోదూ!"

"వాట్లంటే కాంతి కాదండీ. దీపం తినే తిండి. కాంతి అది చేసే పని. ఎక్కువ తిన్నవాళ్లే ఎక్కువ పని చేస్తారనుకుంటే, ఈ ఇంట్లో గిన్నెలు మీరే తోమాలి."

"వేళాకోళం ఒగ్గేయ్. ముప్పై ఏళ్లు దీపాలతో బతికినోణ్ణి."

"నేనూ ముప్పై ఏళ్లు పులుసుతో బతికేను. కాంతిని వాట్లలో కొలవడమంటే, పులుసు రుచి గ్యాసు సిలిండర్‌ని అడగడమే."

"ఆ పులుసు సంగతి ముందు చూసుకో. తర్వాత దీపాలు చూద్దువుగాని," అన్నారు ఆయన.

అదీ మాట. వేదవతి ఈసారి నవ్వలేదు. సంఘం వార్షిక సమావేశంలో పద్నాలుగో నియమం సవరణకు పెట్టాలని అప్పుడే సత్యానందంగారికి ఫోను చేసింది. నెగ్గితే దీపాలు మారతాయి, తన మాటా నిలబడుతుంది. ఓడితే ఈ ఏడు విందులో కేటరరు పులుసుకు తనూ చేయి చాచాలి.

సమావేశం ఆదివారం సాయంత్రం. వాన వెలిసింది. ఆనవాయితీ ప్రకారం పక్కగేటు దీపం కింద కుర్చీలు వేశారు. అధ్యక్షుడు సత్యానందంగారు, షాలిమార్ రైల్వే గూడ్సు యార్డులో పని చేసి వచ్చిన మనిషి, గొంతు సవరించుకుంటే ఇప్పటికీ జెండా ఊపినట్టే ఉంటుంది. ముందు రఘురాంగారికి మాట ఇచ్చారు.

ఆయన బాగానే మాట్లాడారు. చలికాలం నది మీంచి వచ్చే మంచులో నారింజ వెలుతురే దారి చూపిస్తుందన్నారు. తెల్ల దీపాలు ఆసుపత్రి కళ తెస్తాయన్నారు. ఓడల వాళ్ల సంగతి కూడా చెప్పారు. పాతవాళ్ల కళ్లు చెమర్చాయి. చప్పట్లు కొట్టారు. వేదవతి కూడా కొట్టింది, ఎందుకంటే అందులో అబద్ధం ఏదీ లేదు. అయితే చప్పట్లు మరీ ఎక్కువసేపు మోగుతుంటే తనే ముందు ఆపేసింది.

ఆమె వంతు వచ్చింది. ప్రసంగం బదులు స్టీలు పళ్లేల్లో రెండు పులసలు తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండింటి మొప్పలూ ఎత్తి ఉంచింది.

"వంటల పోటీయేటమ్మా?" అన్నారు సత్యానందంగారు.

"కాదండీ. మన కాలనీలో చేపల నిపుణులెవరు?"

అందరి తలలూ ఒక్కసారే రఘురాంగారి వైపు తిరిగాయి. ఆయన మొహమాటపడ్డట్టు నటించి లేచి వచ్చారు.

"ఏది తాజాదో చెప్పండి. కంటితో చూసే చెప్పాలి, ఒత్తకూడదు."

రఘురాంగారు బల్ల చుట్టూ తిరిగారు. ఇటు వంగారు, అటు వంగారు. కుడివైపు పళ్లెం మీద వేలు పెట్టి, ఏ తడబాటూ లేకుండా, "ఇదే. మొప్ప చూడండి, మందారం! పొద్దున్నే నీట్లోంచి తీసేరు దీన్ని," అన్నారు.

వేదవతి మేడ వైపు తల ఎత్తింది. "విజయా!"

ఆమె సైగ అందుకుని సత్యానందంగారు లేచి స్తంభం స్విచ్చి ఆపారు. ఒక్క క్షణం అంతా చీకటి. తర్వాత మొదటి అంతస్తు వరండాలోంచి బట్టలారేసుకునే వెదురుకర్ర ఒకటి ముందుకు వచ్చింది. దాని చివర కట్టిన ఎల్ఈడీ దీపం వెలిగింది.

"ఇది నియమ విరుద్ధం!" అన్నారు రఘురాంగారు. "అన్య దీపం అమర్చరాదు!"

"అమర్చలేదన్నయ్యగారూ!" పైనుంచి కేకేసింది విజయ కుమారి. "పట్టుకున్నాను! తొరగా కానీండి, చేతులు లాగేస్తన్నాయి!"

నవ్వులు మొదలయ్యాయి, కానీ మధ్యలోనే ఆగిపోయాయి. వెలుతురు మెత్తగా, సమంగా నేల మీద పరుచుకుంది. ఎవరో ఆడమనిషి, "ఓలమ్మ, నీ చీర గులాబీయేటి! నేను ముక్కుపొడి రంగనుకున్నాను," అంది. పక్కనున్నావిడ తన చీర తానే చూసుకుని మురిసిపోయింది. ఇన్నేళ్లుగా సాయంత్రం పూట ఒకే రంగులో ఉన్న మనుషులు ఒక్కసారిగా రంగురంగులయ్యారు.

అప్పుడు అందరూ బల్ల వైపు చూశారు. ఎడమవైపు చేప మొప్పలు అచ్చంగా మందారాలు. కుడివైపు చేప మొప్పలు పాత చెప్పు తోలు. కన్ను లోపలికి పోయింది. తోకకు నిమాయ్ కట్టే నీలం తాడు ముక్క వేలాడుతోంది.

రఘురాంగారు ఆ తాడు గుర్తుపట్టారు.

"ఇది నిన్న నేను తెచ్చిన చేప కదూ?" అన్నారు మెల్లగా. "గ్యాసు అయిపోయింది, వండలేనన్నావు?"

"ఈ మధ్య గ్యాసు కూడా మునుపటిలా లేదండీ," అంది వేదవతి. "ఆ రెండోది పొద్దున ఖిదిర్‌పూర్ బజారులో, పగటి వెలుతురులో నేను కొన్నాను."

"సృష్టి మొదటిరోజు దేవుడు కూడా వెలుగు కమ్మన్నాడు గాని వాట్లు అడగలేదన్నయ్యా," అన్నారు సత్యానందంగారు. ఈసారి నవ్వు గోడలు దాటింది.

రఘురాంగారు మాత్రం నవ్వలేదు. "ఆ పాతది వెలిగించు," అన్నారు. పైన దీపం ఆపారు, స్తంభం దీపం వెలిగింది. అది నెమ్మదిగా వేడెక్కి నారింజ రంగుకు వచ్చేదాకా కదలకుండా నిలబడి, చేపలను చూశారు. మళ్లీ కొత్తది వెలిగించమన్నారు. మళ్లీ చూశారు. తర్వాత నేల మీద వెలుతురు అంచు దాకా నడిచి, అక్కడినుంచి మేడ కిటికీల వైపు చూశారు. ఏ కిటికీలోనూ వెలుతురు పడలేదు. పోర్టులో కొత్త దీపం పరీక్షించే నాటి నడక అది. వేదవతికి ఆ నడక తెలుసు. ఆనాడు మేడమీద నిలబడి, ఆ వెలుగుతో పాటు దాన్నీ చూసే కదా మొదటిసారి గర్వపడింది. ఇప్పుడూ ఆమెకు అదే గర్వం కలిగింది. అది ఆయన గురించో తన గురించో తేల్చుకోలేకపోయింది. ఇద్దరి గురించీ అనుకుని ఊరుకుంది.

ఆయన తిరిగొచ్చి, అందరికంటే ముందు చేయి ఎత్తారు. "సవరణకి నా ఓటు."

చేతులన్నీ లేచాయి. పైనుంచి విజయ కుమారి, "నాకు చేతులు ఖాళీ లేవు, నా ఓటు లెక్కేసుకోండి!" అని అరిచింది. సత్యానందంగారు సవరణ నెగ్గిందని ప్రకటించారు.

అంతటితో జనం లేవబోయారు. వేదవతి లేవలేదు. పళ్లేలు రెండూ దగ్గరకు లాక్కుని, ఏదో మరిచిపోయినదానిలా భర్త వైపు చూస్తూ కూర్చుంది.

రఘురాంగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "అధ్యక్షా, ఒక్క నిమిషం. రాసుకోండి. కాంతి అన్నచోట నేను వాట్లు రాసేను. అది తప్పు."

"రాసేను," అన్నారు సత్యానందంగారు.

"ఇంకోటి." ఆయన చేప వైపు చూశారు, తర్వాత భార్య వైపు. "రెండేళ్లుగా మా ఇంట్లో పులుసు బాగోలేదని ఊరంతా చెప్పేను. కేటరర్ని కూడా నేనే పెట్టమన్నాను. పులుసుది తప్పు కాదు."

"మరెవరిదండీ?" అంది వేదవతి, అమాయకంగా. "వెనక వరసలోవాళ్లకి వినబడలేదట."

కొత్త దీపం కింద రఘురాంగారి చెవులు ఎర్రబడడం కాలనీ మొత్తానికీ స్పష్టంగా కనిపించింది. అచ్చం మందారాలు.

"నాది!" అన్నారాయన, వెనక వరసకే కాదు, గేటు బయట నిమాయ్‌కి కూడా వినబడేలా. "తప్పు నాది వేదా!"