వెనకాలే వెళ్లే మనిషి

ఆ బైండింగ్ షాపులో మొగుడూ పెళ్లాలు పని పంచుకుని ముప్ఫై ఏళ్లయింది. తిట్టడం ఆవిడ వంతు. తిట్లు తిన్నవాళ్ల వెనకాల వెళ్లి తీసుకురావడం ఆయన వంతు. కాగితం వ్యాపారి కానీ, తొందరపెట్టే గిరాకీ కానీ, ఇంట్లోనే ఉండి పుస్తకాలు కుట్టే ఆయన చెల్లెలు కానీ, ఆవిడ నోటి ముందు అందరూ ఒకటే. వాళ్లు మొహం మాడ్చుకుని గడప దాటగానే ఆయన చేతుల జిగురు తుడుచుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ బయల్దేరేవాడు. పావుగంటలో వెంటబెట్టుకొచ్చేవాడు. ఆయనకే ఎవరితోనైనా "కుదరదు" అనాల్సివస్తే మాత్రం లోపలికొచ్చి, "ఏమోయ్, ఒకసారి రా" అనేవాడు. వీధిలో ఆవిడకి మగరాయుడని పేరు. ఆయన్ని చాటుగా అమ్మాయిగారు అనేవారు. ఆ సంగతి తలుచుకుని ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది.

ఆ మధ్యాహ్నం ఒక లావుపాటి నిఘంటువు కుట్టు పూర్తయి కటింగ్ మిషను మీదికొచ్చింది. అంచులు కోసేముందు ఆవిడ పేజీలు తిరగేసింది. పదహారేసి పేజీల మడతల్లో ఒకటి తలకిందులుగా ఉంది.

"కళ్లెక్కడ పెట్టుకుని కుట్టావే? పిల్లాడికిచ్చినా ఇంతకంటే నయం! ఇన్నేళ్లు కూర్చోబెట్టి తిండి పెట్టింది ఇందుకా?"

చివరి మాట అనాలనుకోలేదు. నోరు ఆగలేదు.

ఆడపడుచు సూదిని దారపుకండెకి గుచ్చింది. లోపలికెళ్లి సంచీ సర్దుకొచ్చింది. "పెద్దమ్మ కూతురు ఎప్పట్నుంచో రమ్మంటోంది వదినా," అని మెట్లు దిగింది.

ఆవిడ కోపంలోనే మిషను చక్రం తిప్పి పుస్తకాన్ని బిగించింది. కత్తి దించకుండా ఆగింది. దేనికోసం ఆగిందో కాసేపటికి గానీ తెలియలేదు. చెప్పుల చప్పుడు కోసం. బల్లకింద జిగురు మరకల చెప్పులు పెట్టినచోటే ఉన్నాయి.

అప్పుడు తట్టింది. ఈ ఎనిమిది నెలల్లో కాగితం వ్యాపారి మళ్లీ గుమ్మం తొక్కలేదు. పాత గిరాకీలు నలుగురు కనబడటం మానేశారు. రోజులు బాగాలేవనుకుంది. ఒక్కళ్ల వెనకాలా ఎవరూ వెళ్లలేదు, అంతే.

షాపు తెరిచే ఉంచి, పనిగుడ్డ నడుముకే ఉండగా బస్టాపుకి నడిచింది. ఆడపడుచు బెంచీ మీద, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"లే. జిగురు ఎండిపోతోంది."

ఆడపడుచు బస్సొచ్చే వైపు చూసింది.

"లేవమంటుంటే!" తన గొంతు తనకే చేదుగా వినబడింది. గొంతు తగ్గించి, "మీ అన్నయ్య వచ్చి ఏం చెప్పేవాడే? అదేదో చెప్పు, నేనూ అదే అంటాను," అంది.

ఆడపడుచుకి ఏడుపులోనే నవ్వొచ్చింది. "ఏమీ అనేవాడు కాదు వదినా. పక్కన కూర్చునేవాడు."

"కూర్చుని?"

"కూర్చునేవాడు."

ఆవిడ కూర్చుంది. మాట్లాడకుండా కూర్చోవడం రోజంతా చక్రం తిప్పడంకంటే బరువుగా ఉంది. నాలుక చివరికి పది మాటలొచ్చాయి, పదీ మింగింది. బస్సొచ్చింది. "ఎక్కుతారామ్మా?" అన్నాడు కండక్టరు. ఆడపడుచు లేచింది.

ఆస్పత్రి మంచం మీదున్న మొగుడితో కూడా ఆవిడ "కదలకుండా పడుకోండి" అనే అంది. ఉండిపొమ్మని అనలేదు. ఆ మాట అప్పట్నుంచీ గొంతులోనే ఉంది.

"ఉండిపోవే," అంది.

బస్సు వెళ్లిపోయింది. ఆడపడుచు మళ్లీ కూర్చుని, రోడ్డువైపే చూస్తూ అంది: "ఆ మడతలు వరస పేర్చింది నువ్వు. నువ్విచ్చినట్టే కుట్టాను. తలకిందులుందని చూశాను కూడా."

"చూసి కుట్టావా?"

"చెప్తే అరుస్తావని. ఇదివరకైతే అన్నయ్య చెవిన వేసేదాన్ని."

"నోరు లేదుటే నీకు?"

"ఇప్పుడొచ్చిందిగా! ఇంకోటి కూడా విను. తిండి పెట్టానన్నావే, ఆ మాట మళ్లీ అన్నావంటే ఆపినా ఆగను, బస్సెక్కేస్తాను." ఇన్నేళ్లలో ఆ గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదలు.

"అనను," అంది ఆవిడ. చిత్రంగా, కాస్త ఊపిరాడింది.

సంచీ ఆవిడే పట్టుకుంది. ఇద్దరూ మెల్లగా నడిచారు.

"కుట్టంతా విప్పాలి," అంది ఆడపడుచు.

"విప్పుదాంలే. రేపు పొద్దున కాగితం వ్యాపారి దగ్గరికెళ్లాలి నేను."

"వెళ్లి ఏం చెప్తావు?"

"కూర్చుంటాను." నాలుగడుగులు వేసి, "నువ్వు షాపులో ఉండు. నిఘంటువు ఇచ్చినాయన వచ్చి వెంటనే కావాలంటాడు. కుదరదని చెప్పు," అంది.

"నేనా?"

"నువ్వే. మధ్యలో నన్ను పిలవకు."