కాలు తీసినా ఆగని వ్యాను

భీమడోలు రైల్వే గేటు దాటాక ఎడమ పక్కన ఉన్న కార్ల షెడ్డు సువర్ణది. ఆటోమొబైల్‌లో డిప్లొమా చేసి, ఏలూరులో పన్నెండేళ్లు పనిచేసి, ఆ తరవాత సొంతంగా పెట్టుకుంది. మెకానిక్కు ఆడమనిషని చూసి బండి దిగకుండానే వెనక్కి తిరిగిపోయినవాళ్లు మొదట్లో ఉండేవారు. ఇప్పుడు తాడేపల్లిగూడెం నుంచి కూడా వెతుక్కుంటూ వస్తున్నారు. ఎవరికీ అంతుపట్టని జబ్బుతో ఏదైనా బండి వచ్చిందంటే చాలు, ఆమెకు మధ్యాహ్నం అన్నం సంగతి కూడా గుర్తుండదు.

ఆ శనివారం పొద్దున్నే అలాంటిదే ఒకటి వచ్చింది. స్కూలు పిల్లల్ని తిప్పే పాత పెట్రోలు వ్యాను. నడుపుకొచ్చిన మనిషి దేవి. ముప్ఫై ఏళ్లుంటాయి. కొల్లేరు లంకల్లో చేపల చెరువుల మీద బతికే కుటుంబం. రెండేళ్లుగా లంక నుంచి తొమ్మిదిమంది పిల్లల్ని భీమడోలు బడికి చేరుస్తోంది.

వ్యాను ఆగింది గాని ఇంజను రొద తగ్గలేదు. కాలు తీసేసినా ఎవరో యాక్సిలేటర్ తొక్కిపట్టినట్టే హోరెత్తుతోంది.

"ఎన్నాళ్లయిందమ్మా ఇలా?" అని అడిగింది సువర్ణ.

"మూడు వారాలండి. గట్టు మీద మలుపులో కాలు తీస్తే బండి నెమ్మదించాలి కదండీ. ఇది తోసుకుపోతుందండి. రెండు పక్కలా చెరువులే. పోయిన సోమవారం ముందు చక్రం గట్టు అంచుదాకా పోయింది. పిల్లలు కేకలు పెట్టారండి. ఆ మర్నాటి నుంచి ఎక్కించుకోవడం మానేశాను."

"ఎవరికైనా చూపించావా?"

"గూడెంలో ఒకాయన గాలి వాల్వు మార్చారండి. ఏలూరులో ఇంకొకాయన ఏదో స్క్రూ బిగించారు. ఒక పూట తగ్గి మళ్లీ మామూలే. మా ఓనరు నాగదుర్గారావు గారేమో బండిలో ఏ లోపమూ లేదు, నీ కాలే పెడల్ మీద నుంచి లేవట్లేదు అంటున్నారండి. సోమవారం నుంచి వేరే డ్రైవర్ని పెడతారంట."

మాట మామూలుగానే అంది గాని స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు.

సువర్ణకు ఆమె మాట మీద అనుమానం కలగలేదు. రోజూ నడిపే మనిషికి తెలిసినంతగా బండి సంగతి ఇంకెవరికీ తెలియదని ఆమె నమ్మకం. అందుకే ఇంకో ప్రశ్న వేసింది.

"బ్రేకు ఎలా ఉంది?"

"గట్టిపడిపోయిందండి. ఇదివరకు మునివేళ్లతో నొక్కితే ఆగేది. ఇప్పుడు బలమంతా పెట్టి తొక్కాలి."

"ఈ సంగతి వాళ్లకి చెప్పావా?"

"ఇంజను గురించే అడిగారండి. బ్రేకు గురించి ఎవరూ అడగలేదు."

సువర్ణ బానెట్ ఎత్తి స్కానర్ తగిలించింది. ఎనిమిది వందల దగ్గర ఉండాల్సిన ఆర్పీఎం పంతొమ్మిది వందలు చూపిస్తోంది. యాక్సిలేటర్ కేబుల్ ఊడదీసి చూసింది. ఇంజన్లోకి గాలి వదిలే తలుపు పూర్తిగా మూసుకునే ఉంది. అంటే కాలు తప్పూ కాదు, కేబుల్ తప్పూ కాదు. గాలి వేరే దారిన లోపలికి పోతోంది.

ఇంజనుకు తగిలించిన రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటే ప్లయరుతో నొక్కిపట్టడం మొదలుపెట్టింది. మొదటిది నొక్కితే మార్పు లేదు. రెండోదీ అంతే. బ్రేకు వైపు వెళ్లే లావుపాటి గొట్టాన్ని నొక్కగానే హోరు ఠక్కున పడిపోయి, ఇంజను రెండుసార్లు ఊగి ఆగిపోయింది.

"ఆగిపోయిందేంటండీ?" అంది దేవి కంగారుగా.

"దొరికిందమ్మా," అంది సువర్ణ. "ఆగడం ఏలూరాయన బిగించిన స్క్రూ వల్ల. దొంగ గాలి ఎక్కడిదో వెతక్కుండా, న్యాయంగా రావలసిన గాలి ఆపేశాడు."

స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, గొట్టాన్ని నొక్కి ఉంచే స్టార్ట్ చేయమంది. స్కానర్‌లో అంకె ఎనిమిది వందల ఇరవై దగ్గర కుదురుకుంది. ప్లయరు వదలగానే మళ్లీ హోరు.

"పెడల్ వెనక గుండ్రటి ఇనప డబ్బా ఉంది చూడు, బూస్టర్. ఇంజను పీల్చే గాలితో నీ కాలికి సాయం చేస్తుంది. దాని లోపలి రబ్బరు చిరిగింది. చిరుగులోంచి గాలి ఇంజన్లోకి పోయి పరుగెత్తిస్తోంది. కాలికి సాయం పోయి బ్రేకు గట్టిపడింది. నువ్వు పిల్లల్ని ఎక్కించుకోకపోవడమే మంచిపని."

పదకొండింటికి, సువర్ణ ఫోను చేస్తే నాగదుర్గారావు వచ్చాడు. తెల్లచొక్కా, నెమ్మదైన మాట. సువర్ణ ఆయన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది.

"రెండు కాళ్లూ బయట పెట్టుకోండి."

ఆయన పెట్టాడు. పక్కన నిలబడి దేవి చెయ్యి లోపలికి చాపి తాళం తిప్పింది. ఇంజను హోరెత్తింది.

"ఇప్పుడు తొక్కుతున్నదెవరండీ?"

ఆయన వంగి పెడళ్ల వైపు చూశాడు.

"ఇప్పుడు బ్రేకు నొక్కండి."

నొక్కాడు. పెడల్ రాయిలా ఉంది. ఇంకా గట్టిగా నొక్కాడు. "మా మనవరాలు ఈ వ్యాన్లోనే వస్తుందండి," అన్నాడు. దిగి దేవి వైపు తిరిగాడు. "పొరపాటు పడ్డానమ్మా. డ్రైవరు వేరే ఎవరూ వద్దు. సోమవారం నువ్వే రా."

"కొత్త బూస్టర్ వేయించి, ఖాళీ బండి గట్టు మీద తిప్పి చూస్తానండి. నాకు నమ్మకం కుదిరితేనే పిల్లల్ని ఎక్కిస్తాను," అంది దేవి. ఆయన తల ఊపాడు.

బూస్టర్ ఏలూరు నుంచి మధ్యాహ్నం రెండు గంటల బస్సులో వచ్చింది. సువర్ణ బిగించి, బ్రేకు నూనెలో గాలి లేకుండా చేసి, చేతులు కడుక్కుని దేవి పక్కన ఎక్కింది. సాయంత్రం ఎండలో వ్యాను గట్టెక్కింది. మలుపు దగ్గర దేవి కాలు తీసింది. బండి చెప్పినట్టు నెమ్మదించింది. బ్రేకు మీద మునివేళ్లు ఆనించింది. ఆగింది. రివర్సు చేసి మళ్లీ వచ్చి, ఈసారి ఇంకాస్త వేగంగా, అక్కడే ఆపింది. మూడోసారీ అంతే.

ఇంజను ఎంత మెల్లగా తిరుగుతోందంటే, చెరువులో ఏరేటర్లు నీళ్లు చిమ్మే చప్పుడు అద్దాల్లోంచి వినిపిస్తోంది.

"ఏమంటావు?" అంది సువర్ణ.

దేవి ఫోను తీసి, గట్టు చివరి ఇంటి రత్నానికి చేసింది. "ఏవండీ రత్నం గారూ, సోమవారం ఏడున్నరకల్లా పాపని రోడ్డు మీదకి తీసుకురండి. వ్యాను నేనే తెస్తున్నానండి."