ఏడో పదం

ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో నాలుగు ఇడ్లీలు, జేబులో రెండు సుద్దముక్కలు, చిన్న డస్టరు. పన్నెండు రోజులుగా ఫణీంద్ర పొద్దున్నే ఇలాగే ఏలూరు ఆసుపత్రికి వస్తున్నాడు. తాడేపల్లిగూడెం కాలేజీలో అతను లెక్కల మాస్టారు. మంచం మీద ఉన్నది భార్య హిమబిందు. న్యుమోనియా ఊపిరితిత్తులు రెండింటినీ పట్టేసింది.

ఫణీంద్ర బోర్డు మీద జీటా శ్రేణి రాస్తేనే ఆమెకి ఊపిరి అందేది. ఒకటి, దానికి నాలుగో వంతు, తొమ్మిదో వంతు, పదహారో వంతు... ఏ పదం రాస్తే అంత ఊపిరి. బోర్డు ఆసుపత్రివాళ్ళే తెచ్చి సెలైన్ స్టాండు పక్కన పెట్టారు. నిండితే నర్సు తడిగుడ్డతో తుడిచేది, అతను మళ్ళీ మొదటి నుంచి రాసేవాడు.

మొత్తం రెండు దాటితే మనిషి దక్కుతుందని డాక్టరు చెప్పాడు. అదే ఫణీంద్ర ప్రాణం తోడేస్తోంది. ఆ శ్రేణికి అంతమైతే లేదు గాని, ఎన్ని పదాలు కలిపినా ఒకటిన్నర దాటి కాస్త పోతుంది, అంతే. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ఆ సంగతి రుజువు చేసి చూపిస్తున్నది తనే. రెండు దాటే ఇంకో శ్రేణి రాసి చూశాడు. ఆమె ఛాతీ కదల్లేదు. తన చదువు పెళ్ళాం ఊపిరికి కూడా పనికిరాలేదని, బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడ్చాడు.

పదమూడో రోజు మధ్యాహ్నానికి అతని కళ్ళు మసకలు కమ్మాయి. ఎన్నో పదం రాస్తున్నాడో మరిచిపోతున్నాడు. అత్తగారు వెంకటలక్ష్మి బోర్డు తుడిపించి, ఎన్నో పదమో తను అంకెలు చెబుతుంటే రాసుకుంటూ పొమ్మంది. కలిదిండిలో పొలాలు చేపల చెరువులు కాకముందు, కళ్ళంలో వడ్లు కొలిచిన మనిషి ఆవిడ.

"లాభం" అంది. వడ్ల కొలతలో ఒకటిని అలాగే అంటారు; ఫణీంద్ర ఒకటి వేశాడు. "రెండు... మూడు... నాలుగు... ఐదు... ఆరు..."

వడ్లు కొలిచేవాళ్ళు ఏడు అనరు, ఆ మాటలో ఏడుపుందని. "ఆరున్నొకటి" అంది ఆవిడ.

ఆరో పదం అప్పటికే రాసేశాడు. అలసిపోయిన చెయ్యి ఆ పక్కన ఒకటి, నిండు ఒకటి, కలిపేసింది. మొత్తం రెండు దాటింది. హిమబిందు గుండెల నిండా గాలి పీల్చుకుంది.

ఫణీంద్ర బోర్డు చూసుకున్నాడు. ఏడో పదం నలభై తొమ్మిదో వంతు ఉండాలి. తప్పు స్టెప్పుకి ఏనాడూ అర మార్కు వెయ్యని మనిషి కదా, చెయ్యి దానంతటదే జేబులోంచి డస్టరు తీసింది.

"ఏం బాబూ, తప్పు చెప్పానాండీ?" అత్తగారు భయపడుతూ అడిగింది.

హిమబిందు కళ్ళు తెరిచి తల్లి వంక చూస్తోంది. ఫణీంద్ర డస్టరు మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

"లేదండీ" అన్నాడు. "లెక్క సరిపోయిందండీ."