గ్రూపులో గెలిచిన మొగుడు

కోపం రాకముందు ఆ ఉదయం చాలా ముద్దుగా ఉంది. కొత్త దుప్పటి మీద ఎండ చారలు చారలుగా పడింది. మొగుడూ పెళ్ళాం ఒకే అద్దం ముందు నిలబడి పళ్ళు తోముకుంటూ, నోటినిండా నురగతో ఏదో మాట్లాడుకుని, ఒకరి మాట ఒకరికి అర్థంకాక పడీపడీ నవ్వారు. పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఈమాత్రానికే ఆమెకి మనసు నిండిపోయేది.

ముఖం తుడుచుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంది. అంతే, నవ్వు ఎగిరిపోయింది.

వాళ్ళుండే భవనంలోనే కింది అంతస్తులో ఒక గది అద్దెకి తీసుకుని ఆమె బట్టలు కుడుతుంది. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం వెతుక్కోమని ఇంట్లోవాళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరినా వినకుండా, తనకంటూ సంపాదించుకున్న గది అది. దానికి సరిగ్గా పైన ఉండేది నర్సక్క. నిన్న సాయంత్రం ఆవిడ భవనం గ్రూపులో రెండు ముక్కలు రాసింది. "నాకు రాత్రి డ్యూటీలు. కింద మిషన్ చప్పుడుకి పగలు నిద్ర పట్టడం లేదు. కాస్త చూస్తారా?"

జవాబివ్వాల్సింది మిషన్ ఉన్నామె. ఇచ్చింది ఆమె మొగుడు.

మొగుడి ఉద్యోగం కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీయడం. ఆన్‌లైన్‌లో మాత్రం వాదనల పులి. ఒంటిమీద నల్లకోటు ఎన్నడూ పడకపోయినా అందరూ 'లాయరు' అనే పిలుస్తారు. చప్పుడు కొలిచే యాప్‌తో గది గుమ్మం దగ్గర తీసిన అంకె ఫొటో పెట్టాడు. ఎప్పుడో నర్సక్క "ఇవాళ హాయిగా నిద్రపోయాను" అని రాసుకున్న మెసేజ్ తవ్వితీశాడు. "ఆ రోజు మిషన్ కూడా సెలవు పెట్టిందా అక్కా?" అన్నాడు. గ్రూపంతా పళ్ళికిలించిన బొమ్మలు. "నేను అబద్ధం చెప్పడం లేదు" అంది నర్సక్క. "అబద్ధమని నేననలేదు. రుజువు లేదన్నాను" అన్నాడు లాయరు. ఆ తర్వాత ఆవిడ ఒక్క మాట రాయలేదు.

"చూశావా?" అన్నాడతను తువ్వాలు భుజాన వేసుకుని, మెడల్ మెడలో పడ్డవాడిలా. "నోరు మూయించా. రోజురోజుకీ పదునెక్కిపోతున్నా తెలుసా!"

ఆమె నోరు తెరిచేలోపే గుమ్మంలో సెక్రటరీ గారు కనిపించారు. భవనం లెక్కలూ పత్రాలూ చూసే పెద్దాయన. మెట్లెక్కిన ఆయాసం తీరాక గొంతు సవరించుకున్నారు.

"నర్సమ్మ నిన్న డ్యూటీకి వెళ్తూ కాగితం రాసిచ్చిందమ్మా. చప్పుడు మీద ఆనుకుని ఉన్న ఇంటివాళ్ళు కాగితం ఇస్తే గది ఖాళీ చేయించాల్సిందే, అది మన రూలు. ఆదివారంలోగా ఆవిడంతట ఆవిడ వెనక్కి తీసుకుంటే సరే."

"ఆ రూల్లోనే లొసుగుందండీ సెక్రటరీ గారూ..." అని లాయరు అందుకున్నాడు.

"నువ్వు నోర్ముయ్!" అందామె. సెక్రటరీ గారు ఉలిక్కిపడి, ఆ మాట తనక్కాదని తేల్చుకుని, మెల్లిగా మెట్లు దిగిపోయారు.

"నీ తరఫునే కదే మాట్లాడింది!"

"నా తరఫునా? ఆవిడ అడిగింది 'కాస్త చూస్తారా' అని. చూస్తానంటే అయిపోయేది! నువ్వు నా తరఫున గెలిచి నా గది పోగొట్టావు. ఇంకో రెండుసార్లు ఇలాగే గెలువు, ఇల్లు కూడా ఖాళీ చేద్దాం."

"గ్రూపులో అందరూ మనవైపే ఉన్నారు."

"అందరూ నా మీద కాగితం ఇవ్వలేదు. ఇచ్చింది ఒక్కావిడ. ఆవిడతో తప్ప ఊరందరితో మాట్లాడావు!"

ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. అసలు ఇతన్ని చేసుకున్నదే వాదించే తీరు చూసి. చేత్తో కుట్టిన గుండీ కాజా గట్టిదా, మిషన్ కాజా గట్టిదా అని మూడేళ్ళ కిందట ఒక ఫోరంలో ఇద్దరూ కొట్టుకున్నారు. మధ్యలో అతను ప్రశ్నలు అడిగాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగే ప్రశ్నలు. చివరికి తన చొక్కా కాజాలు రెండు రకాలవీ లాగి చింపి, ఫొటో పెట్టి, "మీరే రైటు, నాకు తెలియక వాగాను" అని రాశాడు. అలా రాసిన మగవాణ్ణి ఆమె అంతకు ముందు చూడలేదు. ఆ తర్వాత అతనికి వేలమంది అభిమానులు పోగయ్యారు. ఎదుటివాడి బలమైన మాట వదిలేసి బలహీనమైనదాన్ని పట్టుకోవడం వచ్చింది. వెటకారం వచ్చింది. వచ్చినవాటికి చోటివ్వడానికన్నట్టు, ఉన్నదేదో పోయింది.

"పద కిందికి" అంది. "నువ్వు మిషన్ పెడల్ తొక్కు. నేను పైకెళ్ళి వింటా."

"రీడింగ్ ఉందిగా మళ్ళీ ఎందుకు?"

"గుమ్మం దగ్గర తీశావు. నర్సక్క గుమ్మం దగ్గర పడుకుంటుందా?"

లాయరు భుజం మీది తువ్వాలు తీసి పడేశాడు. గొణుక్కుంటూ వెళ్ళి మిషన్ ముందు కూర్చున్నాడు.

నర్సక్క తలుపు తీసింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, యూనిఫాం ఇంకా ఒంటిమీదే ఉంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఇంకా ఏం రుజువు కావాలమ్మా మీకు?"

"ఒక్కసారి మీ పడక గదిలో నిలబడనివ్వండి అక్కా. విని వెళ్ళిపోతాను."

ఆవిడ ఏ కళనుందో, పక్కకి జరిగింది. కింద మిషన్ మొదలైంది. ఆమె ఊహించుకున్నది ఎక్కడో వినిపించే టకటక. ఇది అది కాదు. మంచం తలవైపు గోడలోంచి గిర్రుమని రొద వస్తోంది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. గోడకి అరచేయి ఆనించింది. మోచేతి దాకా జుమ్మంది.

అప్పుడు వెలిగింది. మిషన్ ఊగుతోందని పెళ్ళయిన వారానికే అతనే ముచ్చటపడి స్టాండుని బోల్టులతో గోడకి బిగించాడు. ఆ గోడే ఇక్కడిదాకా వచ్చింది. కిందివాళ్ళకి హాయి, పైనావిడకి నరకం.

"నిజమే అక్కా. ఇందులో నేనూ నిద్రపోలేను. మిషన్ గోడ నుంచి విప్పించేస్తాను. కాగితం..."

"చప్పుడుకి దూది పెట్టుకునైనా ఓర్చుకునేదాన్నమ్మా" అంది నర్సక్క. "పేషెంట్ల తిట్లే రోజూ తింటున్నా. కానీ నీ మొగుడు నన్ను అబద్ధాలకోరని అనకుండా అన్నాడు. అందరూ నవ్వారు. నిన్న మెట్ల మీద కూడా ఎవరో 'అక్కా, రుజువు దొరికిందా' అన్నారు. నేను చెప్పింది నిజమని నవ్వినచోటే ఆయన చెప్పాలి. అప్పటిదాకా కాగితం అక్కడే ఉంటుంది."

ఆమె దడదడా మెట్లు దిగింది. విన్నదంతా చెప్పింది. అతను బోల్టుల వైపు చూసి తల గోక్కున్నాడు.

"సరే, క్షమాపణ పెడతాలే. అదెంత పని?"

రాశాడు. "మీరు బాధపడి ఉంటే క్షమించండి."

"'ఉంటే' ఏంటి? పడిందా లేదా అని నీకింకా అనుమానమా?"

చెరిపేశాడు. "నా ఉద్దేశం అది కాకపోయినా..."

"నీ ఉద్దేశం ఎవడిక్కావాలి?"

మళ్ళీ చెరిపేశాడు. "రీడింగ్ ప్రకారం నా వాదనలో తప్పు లేనప్పటికీ..."

ఆమె కత్తెరతో బల్ల మీద దభీమని కొట్టింది. గుండీల డబ్బా ఎగిరి పడింది.

అతను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. "రావట్లేదే" అన్నాడు చిన్నగా. "ఎటు మొదలుపెట్టినా మళ్ళీ వాదనలోకే పోతోంది."

ఆ ముఖం చూస్తే ఇంకోరోజైతే జాలిపడి తల నిమిరేది. ఇవాళ నిమరలేదు. "అదే మరి నీ పదును! 'తప్పు నాది' అని రెండు ముక్కలు రాయడం రానివాడివి ఏం లాయరువి? రాయి. నేను చెప్పను. నీకు నువ్వే రాయి."

చాలాసేపటికి గ్రూపులో పడింది. "నర్సక్కా, మీరు చెప్పింది నిజం. చప్పుడు ఎక్కడ వినాలో అక్కడ వినకుండా మాట్లాడాను. మిమ్మల్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను. తప్పు నాది."

వెంటనే భవనంలోనే ఉండే ఒక అభిమాని ఊడిపడ్డాడు. "ఇదేంటన్నా, ఇంట్లో కేసు ఓడిపోయావా?" వెనకే పళ్ళికిలించిన బొమ్మలు.

అతని బొటనవేలు తెర మీద కొట్టుకులాడింది. వాణ్ణి రెండు ముక్కల్లో నేలనాకించే జవాబు నాలుక చివరే ఉందని ఆమెకి తెలుస్తూనే ఉంది. చూస్తూ నిలబడింది. వారించలేదు. చివరికి "అవును తమ్ముడూ, ఓడిపోయాను" అని రాసి ఫోన్ బోర్లించాడు.

కాసేపటికి నర్సక్క జవాబొచ్చింది. కాగితం వెనక్కి తీసుకుంటానంది. కానీ మధ్యాహ్నం రెండయ్యేదాకా మిషన్ ముట్టుకోవద్దు, గోడ బోల్టులు ఇవాళే పోవాలి.

పొద్దుటి పనంతా సాయంత్రానికి తోసుకోవాలి. సగం గిరాకీలు చేజారతాయి. అయినా గది మిగిలింది. ఆమె ఊపిరి పీల్చుకుని పానా తీసి అతని చేతిలో పెట్టింది.

అతను మోకాళ్ళ మీద కూర్చుని మొదటి బోల్టు తిప్పాడు. "కానీ చూడు, రెండయ్యేదాకా ఆగాలన్నది రూల్లో ఎక్కడా లేదు. సూటిగా అడిగితే..."

"విప్పు!"

విప్పాడు.