పొగడ పక్కన ఖుర్పీ

“ఖుర్పీ సార్, ఖుర్పీ. పనైనంక నా ఖుర్పీ మీ ఇంట్లనే వెట్టిపోత. మొక్క చిగురేసినంక కూలి తీస్కుంట.”

ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పాదులు తవ్వే ఆ చిన్న ఇనుప పనిముట్టు పిడికి ఎర్రగుడ్డ పీలిక చుడుతున్నాడు కిషన్. అవతలి నుంచి ఒక ముసలి గొంతు కేక పెట్టింది.

“ఒరే సత్యం! కుర్చీ వేస్తాడంటరా మనింట్లో! డబ్బులిచ్చేదాకా లేవడంట! ఈ ఊళ్లో స్థలాలు ఇలాగే పోతాయని మీ మావయ్య చెప్పలేదూ!”

“అమ్మా, ఫోనిలా ఇవ్వు... ఏమయ్యా, నువ్వు ముందు రా. ఖర్చు సంగతి ఇక్కడ తేల్చుకుందాం,” అంది మగగొంతు. ఫోను ఆగిపోయింది.

“ఏందంట?” అంది దేవమ్మ, భర్త ముందు టీ గ్లాసు పెడుతూ.

“ఖుర్పీ అంటే కుర్చీ అనుకున్నది ముసలమ్మ.”

“వేస్తె కూసో పో. ఎన్నడన్న కూసున్నవా నువ్వు? మొకం చూడు, సున్నం కొట్టినట్టున్నది. ఛాతిల ఇంక గుంజుతున్నదా?”

“గ్యాసే. వచ్చినంక సోడా తాగుత.”

బోయిగూడలో మేడ మీద ఒంటిగది వాళ్లది. సైనిక్‌పురిలో సగం వీధులకు నీడ నాటినవాడికి సొంతంగా ఉన్న మన్నల్లా తులసి కుండీలోదే. అదీ దేవమ్మ పేరునే ఉంది. బంగళాలు పడి అపార్ట్‌మెంట్లు లేచాక తోటపని తీగలా సన్నబడింది. ఈ వానాకాలానికి దొరికిన బేరం ఇదొక్కటే. ఇది జారితే మళ్లీ వానల దాకా చేతులు కట్టుకోవాల్సిందే.

కిషన్‌ది పొట్టి ఆకారం. మోకాళ్ల మీద మట్టి మరకలు చర్మంలో కలిసిపోయాయి. కుడి బొటనవేలి గోరు మాత్రం పొడుగు. దానితో కాండం గీకి లోపల పచ్చి ఉందో లేదో చూస్తాడు. ఎంత పచ్చగా నవ్వే మొక్కనైనా నమ్మడు. వేరు చూడనిదే వేరే మాట మాట్లాడడు. కుండీ తిరగేసి చూస్తుంటే నర్సరీవాళ్ల తల తిరిగిపోతుంది. అందరినీ గీకి చూసే ఈ మనిషి, తన ఛాతీలో నొప్పిని మాత్రం ‘గ్యాస్’ అన్న ఒక్క మాటతో నమ్మేశాడు.

మోపెడ్ మెట్టుగూడ, మల్కాజిగిరి దాటి సైనిక్‌పురి చేరింది. కాకినాడ నుంచి వచ్చి టైల్స్ వ్యాపారంలో నిలదొక్కుకున్న సత్యదేవ్, ఒక రిటైర్డ్ మేజర్ గారి పాత ఇల్లు కొన్నాడు. పేరులో సత్యమున్నా ఆయన ఎవరి మాటలోనూ సత్యముందనుకోడు. అనుమానాన్ని కూడా టైల్స్‌లాగే సందు లేకుండా పరుస్తాడు. రిపేర్లలో పాత చెట్లన్నీ పోయి ఆవరణ బోడిగా ఉంది.

“పెద్ద చెట్లే క్రేన్‌తో దింపి, పచ్చిక పరిచి రెండు లక్షలవుతుందన్నాడు ఇంకో కాంట్రాక్టరు. నువ్వెంతంటావు?” అడిగాడు సత్యదేవ్.

కిషన్ మన్ను పిడికెడు తీసి నలిపి, వాసన చూశాడు.

“ముప్పై వేలు మస్తు సార్. పొగడ ఒకటి, సంపంగి ఒకటి. గోడ పొంటి నందివర్ధనం, గన్నేరు. మిగతది వచ్చే వానలకు చూద్దాం.”

“అడ్వాన్సు?”

“ఒద్దు. నర్సరీల మొక్కల పైసలు మీరే కట్టుండ్రి. నా కూలి, మొక్క చిగురేసినంక. ఎయ్యకుంటే నాకొద్దు.”

రెండు లక్షలన్నవాణ్ణి చూసి సత్యదేవ్‌కి భయం వేసింది. ముప్పై వేలన్నవాణ్ణి చూసి అనుమానం వేసింది. అక్కడ వేయనిదల్లా ఇంక చిగురొక్కటే. ఆయన భార్య నీహారికను పక్కకు పిలిచాడు.

“డబ్బొద్దంటున్నాడంటే ఇంకేదో కావాలన్నమాట.”

“గోల్డ్ లాకర్లో పెట్టేద్దామా?” అందామె.

గుసగుసే గాని, బోడి ఆవరణలో బాగా వినపడుతుంది. కిషన్ తలవంచుకుని మన్ను దులుపుకున్నాడు.

“సార్, ఇంకొకల్ని పెట్టుకుంటనంటే పెట్టుకోండ్రి. కాని గా పెద్ద చెట్లొద్దు. నరికిన వేరుతోటి వస్తయ్. ఎండకాలం దాక నమ్మిస్తయ్, ఎండకాలంల మోసం జేస్తయ్.”

మోసం గురించి ఇంత తెలిసినవాణ్ణి కళ్లెదుట ఉంచుకోవడమే క్షేమమనిపించి, పని అతనికే ఇచ్చాడు సత్యదేవ్. వెంట నర్సరీకీ వెళ్లాడు.

“కిషనన్న వచ్చిండంటే నా మొక్కలకు సుత చెమటలు వడ్తయ్!” అని నవ్వాడు నర్సరీ యజమాని విజయేందర్. ఆ నవ్వులో కన్ను గీటాడేమోనని సత్యదేవ్ పక్కకు వంగి చూశాడు. పోలీసు తనిఖీలా కిషన్ ఒక్కో మొక్కనూ లాగి, గీకి, వాసన చూసి పక్కన పెట్టాడు. చివరికి ఒక పొగడ దగ్గర ఆగాడు.

“ఇది బాగుందా?”

“చూద్దాం.”

“పేరే పొగడ కదయ్యా. కాస్త పొగుడు!”

“చిగురెయ్యనీయుండ్రి సార్. అప్పుడు దాన్నే పొగడమందాం.”

సత్యదేవ్ చాటుకెళ్లి ఇంకో నర్సరీకి ఫోను చేసి ధరలు అడిగాడు. అక్కడ ఎక్కువే చెప్పారు. దాంతో అనుమానం ఇంకొంచెం ఏపుగా పెరిగింది.

మధ్యాహ్నమంతా కిషన్ గుంతలు తవ్వాడు. ఎరువూ మన్నూ కలిపి, వేళ్లను పసిబిడ్డ పాదాల్లా సర్ది, మునివేళ్లతో అదిమాడు. రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకున్నాడు. నీహారిక కాఫీ తెచ్చింది.

“కుర్చీ మాత్రం వేయకే!” అని వరండాలోంచి అరిచింది సత్యదేవ్ తల్లి కామేశ్వరమ్మ.

కిషన్ నవ్వి, నిలబడే తాగాడు. పని ముగించి పొగడ పక్కన తన పనిముట్టును పిడిదాకా దిగ్గొట్టాడు.

“కుర్చీ కాదమ్మా, ఖుర్పీ. గిదే.”

“పిడికి ఎర్రగుడ్డ ఎందుకురా నాయనా?” ఆవిడ గొంతు ఇంకో మెట్టెక్కింది.

“చెయ్యి జారకుంట. రేపొస్త సార్.”

మాట తేటపడింది గాని మనసులు తేటపడలేదు. నీహారిక ఖుర్పీ ఫొటో తీసి కాలనీ గ్రూపులో పెట్టింది. దొంగలు ఇంటికి గుర్తు పెట్టడమని ఒకరు, చేతబడి అని ఒకరు, స్థలం కబ్జాకు తొలి గూటమని ఇంకొకరు తీర్పులిచ్చారు. సత్యదేవ్ గేటు వైపున్న కెమెరాను ఇటు తిప్పాడు. ఆ రోజు నుంచి ఇంటికి కాపలా లేదు, ఖుర్పీకి ఉంది.

మర్నాడు కిషన్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

“చెప్పానా!” అన్నాడు సత్యదేవ్. ఏం చెప్పాడో ఎవరికీ గుర్తులేదు. నీళ్లు మాత్రం తనే పోశాడు, ఎండితే నేరం తన మీద పడుతుందేమోనని.

జల్లు పడిన ఒక ఉదయం పొగడ కొసన లేత చిగురు కనిపించింది. అతికించాడేమోనని సత్యదేవ్ గిల్లి చూశాడు. గోటికి పచ్చి అంటింది. వెంటనే ఫోను చేశాడు. దేవమ్మ ఎత్తింది.

“ఆయన పోయిండు సార్.”

“ఎక్కడికి?”



“మీ ఇంటికెళ్లి వచ్చిన పొద్దుగూకే. సోడా తెచ్చి చేతికిచ్చే లోపట్నే.”

ఆ సాయంత్రం ఆమె వచ్చింది. గ్రూపులో తీర్పులిచ్చిన వాళ్లలో కొందరు గేటు దగ్గర చేరారు. సత్యదేవ్ కూలి డబ్బు చేతిలో పట్టుకుని, అడగలేక అడగలేక అడిగాడు.

“అమ్మా, ఇది... ఇక్కడ ఎందుకు పెట్టాడు?”

దేవమ్మ అందరి ముఖాలూ చూసింది.

“మీరేమనుకున్నరో నాకెరుకే. ఎక్కడైనా గిట్లనే అనుకుంటరు. ఆయనకు ఎవల మీద నమ్మకం లేకుండె సార్. మొక్క మీద లేదు, మన్ను మీద లేదు, ఆయన మీద ఆయనకే లేదు. వయసుల ఉన్నప్పుడు ఒక మేడమ్ ఇంట్ల మామిడి నాటి, పైసలు తీస్కొని, మల్ల పోయి చూడలె. ఎండిపోయింది. ఖుర్పీ ఇంట్ల ఉంటే మల్ల బద్ధకమైతది, మొక్క కాడ ఉంటే సచ్చినట్టు పోవాలె అనెటోడు. మిమ్మల్ని కాదు సార్, ఆయన్నే కట్టేసుకున్నడు.”

గేటు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకెవరో ఫోను జేబులో పెట్టుకున్నారు.

దేవమ్మ వంగి పొగడ చిగురును చూసింది. గోడ వెంట నందివర్ధనాన్నీ గన్నేరునూ చూసింది. సంపంగి దగ్గర ఆగి, భర్తలాగే గోటితో కాండం గీకింది. తర్వాత సత్యదేవ్ చేతిలోని డబ్బులో కొంత తీసుకుని మిగతాది తిరిగి పెట్టేసింది.

“సంపంగి ఇంక చిగురెయ్యలె. అది ఏసినంక వస్త. ఖుర్పీ ఉండనీయుండ్రి.”

“కూర్చోమ్మా, కాస్త కూర్చుని వెళ్లు,” అంటూ కామేశ్వరమ్మ లోపలికి వెళ్లి, ఒక ప్లాస్టిక్ కుర్చీ తనే ఈడ్చుకొచ్చింది. అప్పటికే దేవమ్మ గేటు దాటింది.

ఆ కుర్చీని మళ్లీ లోపల పెట్టలేదు. రోజూ సాయంత్రం కామేశ్వరమ్మ అందులో కూర్చుని, సంపంగిని అనుమానంగా చూస్తూ ఉంటుంది. పక్కన తడిమట్టిలో దిగిన ఖుర్పీకి, ఎర్రగుడ్డ మీద నాలుగు వేళ్ల గుంటలు ఇంకా పూడలేదు.