మల్లేశయ్య తమ్ముళ్లు

మా ఆయన మల్లేశయ్యకు తోడబుట్టినవాడు ఒక్కడే, వాడి పేరు ఎల్లా. అయినా చెడుగుడు జట్టులో ప్రతివాణ్ణీ ‘తమ్మీ’ అనే పిలిచేవాడు. నాకు ఒళ్లు మండేది. అంతమంది తమ్ముళ్లకు వండిపెట్టే వదినను నేనే కదా!

నిజాం సర్కారు రోజుల్లో ఇబ్రహీంపట్నం మల్లేశయ్య కూతకు వచ్చాడంటే అవతలి జట్టుకు చెమటలు పట్టేవి. తుక్కుగూడ ఆటలో మోకాలు విరిగింది. ఇక ఇతని పని అయిపోయిందన్నారు ఊళ్లో. హమ్మయ్య, ఇకనైనా ఇంటిపట్టున ఉంటాడనుకున్నాను. ఎక్కడ! కుంటుకుంటూ పోయి అదే జట్టుకు ఉస్తాద్ అయి కూర్చున్నాడు. మోటబావుల దగ్గర ఎడ్లు తోలేవాళ్లను ఏరుకున్నాడు. ఎడ్లు వాలులో దిగి నీళ్లు పైకొచ్చేదాకా ఒక్క ఊపిరి మీద ‘చెడుగుడు చెడుగుడు’ అనాలి, మధ్యలో తెగిందా, ఇక తిట్లే. అది చూసి ఊరి పటేల్ నవ్వాడు. ఆ జట్టు ఆ తర్వాత ఏ జాతరలోనూ ఓడలేదు. ఆడినప్పటికన్నా ఆడించినప్పుడే మా ఆయనకు పేరొచ్చింది.

ఆటలో పట్టుబడినవాడు చచ్చినట్టు లెక్క. గీత బయట కూర్చోవాలి. అవతలివాడొకడు చస్తే మనవాడొకడు బతికి లోపలికి వస్తాడు. చచ్చినవాడు మొహం వేలాడేస్తే మా ఆయనకు కోపం. “కూసో. ఏడ్వకు. లేపుతం,” అనేవాడు.

ఒక ఏడాది జాతరలో బొంగులూరు వాళ్లతో ఆడుతుంటే ఎల్లాకు కడుపులో ఎవడిదో మోకాలు తగిలింది. రాత్రికల్లా కడుపు ఉబ్బింది. తెల్లారితే కోహెడతో చివరి ఆట.

“బండి కట్టు. పట్నం దవాఖానకు తీస్కపోదం,” అన్నాను పొద్దున్నే.

“ఈ ఒక్క ఆట కానియ్యి. అయిపోంగనె కడత.”

“నీ ఆట మన్నుల గలువ! వాడు నీళ్లు గూడ తాగుతలేడు.”

“ఫికర్ చెయ్యకు. వాడు గట్టోడు,” అని వెళ్లిపోయాడు.

ఎల్లా కూడా “పోనియ్యి వదినా” అన్నాడు. ఇద్దరికీ ఆటే ముఖ్యం.

ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి వాడి చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. నాకు ఏడుపు రాలేదు. పక్కింటి శంకరమ్మను వాడి దగ్గర కూర్చోబెట్టి, చెప్పులైనా వేసుకోకుండా ఆట దగ్గరికి నడిచాను. నేల కాలుతోందని తెలుస్తోంది గానీ నొప్పి తెలియడం లేదు.

అక్కడ ఒకటే కేకలు. మా ఆయన గీత పక్కన వంగి, కళ్లార్పకుండా ఆట చూస్తున్నాడు. వెనక నిలబడి చెప్పాను.

“తమ్ముడు సచ్చిండు.”

ఆయన వెనక్కి తిరగలేదు. ఆ గోలలో నా గొంతని పోల్చుకోలేదో ఏమో. “సూసిన. సస్తే కూసోమను. ఏడ్వద్దను. లేపుతం,” అన్నాడు.

మళ్లీ చెప్పాలి కదా, నోరు పెగలలేదు. ఊరంతా గయ్యాళి అనే నా నోరు! అప్పుడే పట్టుబడి బయటికొచ్చిన మా జట్టు కుర్రాడు మల్లా గీత అవతల కూర్చుని ఉన్నాడు. వెళ్లి వాడి పక్కన కూలబడ్డాను.

“వదినా, నువ్వొచ్చినవేంది? ఎల్లన్న ఎట్లున్నడు?”

“సచ్చిండు.”

వాడు నా మొహంలోకి చూశాడు. అది ఆటలో మాట కాదని వాడికి తెలిసిపోయింది.

ఇంతలో కోహెడవాడొకడు దొరికాడు. జనం ఎగిరి గంతులేశారు. “మల్లా, బతికినవ్, లే!” అని మా ఆయన కేక వేశాడు.

మల్లా లేవలేదు. మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

“లేవవేందిర తమ్మీ! నిన్నే!” అని తిడుతూ కుంటుకుంటూ వచ్చాడు. అప్పుడు నన్ను చూశాడు. ఎల్లాను వదిలి నేను ఇక్కడెందుకున్నానో అర్థం కావడానికి జర సేపు పట్టింది.

“ఇందాక చెప్పింది నువ్వేనానె? ఏ తమ్ముడన్నవ్?”

“నీ తమ్ముడు,” అన్నాను.

వెనక జనం ఆట ఆపకండని అరుస్తున్నారు. మా ఆయన పంచె ఎగగట్టి ఇంటివైపు తిరిగాడు.

“బండి కడత, నడువు. పట్నం పోదం,” అన్నాడు.