కణత మీద తెల్ల పాయ

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా నెత్తిన మిగిలిన పదకొండు వెంట్రుకలూ ఈ క్షణంలోనే రాలిపోవాలి. నిన్న పన్నెండు ఉండేవి. అది దువ్వెన చేసిన పని, నాకేం సంబంధం లేదు.

మూటలక్క పదకొండేళ్లపాటు రెండు వారాలకో ఆదివారం పొద్దున్నే ఒకటే పని చేసేది. బాత్‌రూం తలుపు వేసుకుని, పగిలిన సబ్బుపెట్టె మూతలో నల్లరంగు కలిపి, అరిగిపోయిన టూత్‌బ్రష్‌తో తలకు పూసుకునేది. అందరూ పాపిట దగ్గర మొదలుపెడతారు. ఆవిడ ఎడమ కణత మీద మొదలుపెట్టేది. అక్కడ ఒకసారి, ఆరాక ఇంకోసారి, ఎందుకైనా మంచిదని మూడోసారి పూసి, ఆ తర్వాతే మిగతా తల సంగతి చూసేది. ఆ పదకొండేళ్లలో ఆవిడ వాడిన రంగంతా చెరువులో కలిపి ఉంటే చేపలు మునిమనవల దాకా నల్లగానే పుట్టేవి.

అందం కోసమేం కాదు. ఆ ఊళ్లో అందం కోసం రంగు వేసుకునేవాళ్లు లేరు. తెల్ల వెంట్రుక మాట్లాడుతుంది కదా, అందుకని. ఏ పూట దిగులుకు తెల్లబడిందో ఆ పూట విన్న మాటలన్నీ, విన్న గొంతులతోనే, తిప్పి తిప్పి చెబుతుంది. రంగు పడిందా, నోరు మూసుకుంటుంది. నీళ్లు తగిలినా ఊరుకుంటుంది, తడి ఆరేదాకా. అందుకే టీచర్లూ గుమాస్తాలూ జడ్జీలూ నిగనిగలాడే తలలతో వస్తారు. లేకపోతే పని సాగదు. మంగలి చెవుల్లో దూది పెట్టుకుని కత్తిరిస్తాడు. రాలిన జుట్టు నేల మీద కూడా వాగుతూనే ఉంటుంది, ఊడ్చి బకెట్లో ముంచితేగాని ఊరుకోదు. వీధి చివర రిటైరైన పోస్ట్‌మాస్టరు రంగు మానేశాడు. ఆయన తలలోంచి ఎవరో పోర్టరు రోజుకు నాలుగువందల సార్లు "బండి ఇందాకే వెళ్లిపోయిందండీ" అంటుంటాడు. పాలవాడు సైకిల్ దిగకుండానే "అయ్యో" అనేసి పోతుంటాడు.

మూటలక్క పనిచేసేది లాండ్రీలో. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల దుప్పట్లూ ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద షెడ్డు. రోజుకు పది లక్షల దుప్పట్లు వచ్చేవి. సరే, పదివేలు. వాటిని మూటలు కట్టడం ఆవిడ పని. ఆవిడ వేసిన ముడిని నాలుగు ఏనుగులు నాలుగు వైపులా లాగినా ఊడదు. అందుకే ఆ పేరు.

షెడ్డు చివర మూడు ఇస్త్రీ రోలర్లుండేవి, ఒక్కొక్కటీ మంచమంత పొడుగు. దగ్గరికి వెళితే కనుబొమ్మలు కమిలేవి. తడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని రోలర్ నోటికి అందిస్తే అవతల అప్పడంలా బయటికొస్తుంది. నోటి ముందు అడ్డంగా ఒక ఇనప కడ్డీ ఉంటుంది. వేలు తగిలితే చాలు, రోలర్ ఆగిపోతుంది. చేతులు లోపలికి పోకుండా పెట్టిన కడ్డీ అది. చిక్కేమిటంటే, దుప్పటి కొస తగిలినా ఆగుతుంది. మాటిమాటికీ ఆగితే పని వెనకబడుతుంది. అందుకని పాత దుప్పటి చించిన గుడ్డపేలికతో కడ్డీని పైకెత్తి కట్టేయడం అక్కడ అలవాటు.

పదకొండేళ్ల కిందట అలా కట్టిన మూడో నంబరు రోలర్ దగ్గర మూటలక్క చెల్లెలు పోయింది. చెయ్యి లోపలికి వెళ్లింది, చేతి వెనకాల మనిషి వెళ్లింది. తొందరగా పని ముగించుకోవాలని తనే కడ్డీ కట్టుకుంది, తనే చూసుకోలేదు అని కాగితం రాశారు. ఆ కాగితం కింద సాక్షి సంతకం మూటలక్కది. సంతకం పెట్టకపోతే ఉద్యోగం ఉండదన్నారు. చెల్లెలికి ఎనిమిదేళ్ల కూతురుంది, తండ్రి ఎప్పుడో కనపడకుండా పోయాడు. మూటలక్క సంతకం పెట్టి, పిల్లను ఇంటికి తెచ్చుకుంది. మర్నాడు మొదటి డబ్బా రంగు కొంది.

పిల్ల పంతొమ్మిదేళ్లదయింది. ఒక ఆదివారం మూటలక్క రంగు కలుపుకుంటుంటే తలుపు దబదబా బాదింది.

"పెద్దమ్మా, ఎంతసేపు? పెళ్లిచూపులకేమైనా వెళుతున్నావా?"

"ఉండవే, చెయ్యి ఖాళీ లేదు."

"నాకు పనొచ్చింది. మీ లాండ్రీలోనే. మూడు నెలలు మడతల బల్ల దగ్గర, తర్వాత రోలర్ మీద. మూడో నంబరుట."

మూటలక్క చేతిలో బ్రష్ ఆగింది.

"వద్దు. ఇంకేదైనా చూసుకో."

"ఎందుకు వద్దు? అమ్మలా చస్తాననా? అమ్మకు ఒళ్లు తెలియని తొందర. కడ్డీ అందరూ కట్టుకుంటారు, అందరూ చచ్చారా ఏంటి? చూసుకుని చేసుకోవాలి. అంత చిన్న విషయం తెలియక నన్ను నీ నెత్తిన పడేసి పోయింది మహాతల్లి."

తలుపు ఇవతల నిలబడి మూటలక్క నోరు తెరిచింది. మాట బయటికి రాలేదు. పదకొండేళ్లుగా అంతే, ఆ ఒక్క మాట దగ్గరికొచ్చేసరికి నాలుక మడత పడిపోతుంది. కలిపిన రంగు మూతలోనే గడ్డకట్టింది. దాన్ని తూములో పారబోసి, నీళ్లు కొట్టి, బ్రష్ చెత్తబుట్టలో వేసింది. నోటికి చేతకాకపోతే జుట్టే చెబుతుంది, అంతకన్నా దారి లేదనుకుంది.

అనుకున్నంత సులువా? నెల తిరిగేసరికి పాపిట పొడుగునా తెల్లగీత దిగింది. షెడ్డు గుమ్మం మీద "తల నల్లగా లేనివారికి ప్రవేశం లేదు" అని బోర్డు. పొద్దున్నే తల తడుపుకుని, పైన టోపీ బిగించుకుని దొంగలా లోపలికి పోయేది. టోపీ కింద ఆరకుండా గంటకోసారి కుళాయి దగ్గరికి పరుగు. ఇంటికొచ్చాక తల ఆరనిచ్చేది. ఎడమ కణతకు మాత్రం తడిగుడ్డ కట్టుకునేది. తలనొప్పి అనేది. రేపు విప్పుతా అనుకునేది. ఆ రేపులన్నీ చేరి తొంభై అయ్యాయి.

మిగతా వెంట్రుకలు ఊరుకోలేదు.

"నూట మూడు ఉందమ్మా జ్వరం, ఇంకో గంట చూద్దాం" అనేది చెవి వెనకాల ఒక నర్సు గొంతు.

"పెద్దమ్మా, ఇది నాకు ఆటలమ్మ పోసినప్పటిది కదూ?"

"కాదు, నువ్వు చెరుకురసం తాగి పడుకున్నప్పటిది."

"మీ పిల్ల గోడ దూకి పారిపోయిందండీ" అని నడినెత్తిన హెడ్మాస్టరు.

పిల్ల నవ్వి నవ్వి మంచం మీద పడింది. "నీ నెత్తి నిండా నేనే ఉన్నానా? పాపం, నిన్ను ముసలిదాన్ని చేసింది నేనేనన్నమాట." తర్వాత దగ్గరకొచ్చి జుట్టు సర్ది, "బాగానే ఉందిలే తెలుపు, నీకు నప్పింది" అంది. "ఆ గుడ్డ తీసెయ్, అటువైపు ఏముందో అదీ విందాం."

"తలనొప్పే తల్లీ," అంది మూటలక్క.

తొంభయ్యో రోజు దాటింది. పిల్లను మూడో నంబరు దగ్గర నిలబెట్టారు. సూపర్‌వైజరు వచ్చాడు. ఆయన వాడే సెంటు వాసన పావుగంట ముందొచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు. అరవై దగ్గర పడుతున్నా తల బొగ్గులా ఉండేది.

"మూటలక్కా, ఇలా రా. పిల్ల కొత్తది, కొస తగిలి మిషను ఊరికూరికే ఆగుతోంది. కడ్డీ కట్టెయ్. నువ్వే కట్టు, నీ ముడైతే ఊడదు."

అవే మాటలు. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. ఆయనకు గుర్తు కూడా లేదు. ఆయన తలకు రంగు వేసుకోడనీ, అది పుట్టినప్పటి నలుపేననీ ఊరికి తర్వాత తెలిసింది.

పిల్ల గుడ్డపేలిక తెచ్చి చేతిలో పెట్టింది. "కట్టు పెద్దమ్మా. నువ్వు కడితే నాకు భయం లేదు."

మూటలక్క ఆ పేలికను చూసింది. తర్వాత టోపీ తీసింది. కణత మీద గుడ్డ విప్పింది. రోలర్ ముందుకు వెళ్లి, దాని సెగకు తల ఎడమవైపు వంచి నిలబడింది. తడి ఆరడానికి మూడు ఊపిరులు పట్టింది. నాలుగోదానికి ఆ తెల్ల పాయ మాట్లాడింది. దుప్పట్ల గది నుంచి గేటు దాకా వినపడింది.

"కట్టెయ్. నువ్వే కట్టు, నీ ముడైతే ఊడదు." సూపర్‌వైజరు గొంతు, పదకొండేళ్లు చిన్నది.

"కట్టేశాను సార్." మూటలక్క గొంతు.

"అక్కా, వద్దే. నాకు భయమేస్తోంది, విప్పెయ్." ఇంకో గొంతు, కొంచెం బొంగురుగా.

"నోరు మూసుకుని దుప్పటి పట్టు. నేనున్నాగా."

కాసేపు రోలర్ చప్పుడు.

"అక్కా! అక్కా, విప్పు! విప్పవే!"

"ఊడట్లేదే... ఊడట్లేదే..."

మళ్లీ మొదటి నుంచి, "కట్టెయ్. నువ్వే కట్టు..."

స్విచ్చి పదిహేను అడుగుల దూరంలో గోడకుంది. ఆ రోజు మూటలక్క స్విచ్చి దగ్గరికి పోలేదు. ముడి దగ్గరికి పోయింది. తను వేసిన ముడి కదా, తను విప్పగలననుకుంది. గోళ్లు ఊడాయి గాని ముడి ఊడలేదు.

ముప్పై మంది ఆడవాళ్లూ చేతుల్లో దుప్పట్లు వదిలేశారు. ఎవరో వెళ్లి స్విచ్చి ఆపేశారు. సూపర్‌వైజరు "తడపండి, ఆ తల తడపండి" అన్నాడు. బకెట్ ముట్టుకున్నవాళ్లు లేరు.

"అది అమ్మా?" అంది పిల్ల.

మూటలక్క తలూపింది.

"విప్పమని అడిగిందా?"

"అడిగింది." పదకొండేళ్లకు ఆ నాలుక కదిలింది. "నేను విప్పలేదు."

"ఇన్నేళ్లూ అమ్మను నానా మాటలూ అన్నాను. నీ ముందే అన్నాను. నువ్వు అన్నం పెడుతూ విన్నావు."

పిల్ల మడతల బల్ల మీది పెద్ద కత్తెర తీసుకుంది. మూటలక్క కదలకుండా తల వంచి ఇచ్చింది. ఆ క్షణంలో కత్తెర ఎటు పోయినా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేది కాదు. కత్తెర కణత దగ్గరే ఆగింది. పిల్ల పాయను కుదుళ్ల దాకా కత్తిరించి, రుమాల్లో చుట్టుకుంది. "అక్కా, విప్పు" అంటున్న రుమాలును గుండెకు పట్టుకుని, కత్తెర అక్కడే పడేసి, గేటు దాటి వెళ్లిపోయింది. రోలర్ దగ్గరికి మళ్లీ రాలేదు.

పెద్ద న్యాయం జరిగిందని చెబితే నా వెంట్రుకలు పోతాయి. సూపర్‌వైజరును ఇంతకన్నా పెద్ద షెడ్డుకు పంపారు. మూటలక్కను ఆ సాయంత్రమే తీసేశారు, తల నల్లగా లేనందుకు. పిల్ల పడేసిన కత్తెర మాత్రం ఆవిడ చేతిలో మిగిలింది, ఎవరూ అడగలేదు. ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసులో పిల్ల రుమాలు విప్పితే అక్కడి అధికారి మూడుసార్లు విని, నాలుగోసారి వినలేక తడపమన్నాడు. పాత కాగితంలో "తనే కట్టుకుంది" అన్న చోట గీత కొట్టి, "మరి ఎవరు కట్టారని రాయను?" అన్నాడు. వెనక బెంచీ మీద నుంచి మూటలక్క లేచి, "నేనే. నా పేరు రాయండి. చెప్పిందెవరో అదీ రాయండి," అంది. మొదటిది రాశాడు. రెండోదానికి పై అధికారిని అడగాలన్నాడు. ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

పిల్ల దర్జీ దుకాణం మీది గదికి మారింది. మూటలక్క రంగు మళ్లీ ముట్టలేదు. ఇప్పుడు తలంతా వెండి. నున్నగా దువ్వి ముడి వేసుకుని వీధిలో నడుస్తుంటే, ఎంత హుందాగా ఉందో అని కొత్తవాళ్లు ఆగి చూస్తారు. కణత దగ్గర మాత్రం బోడి. అక్కడ కుదుళ్లు చావలేదు. కత్తిరించిన చోటే మళ్లీ తెల్లగా మొలుస్తుంది, వేలెడు పెరిగాక మళ్లీ మాట్లాడుతుంది. రుమాల్లో ఉన్న వెంట్రుకలు పాతబడి వాటి గొంతు సన్నగిల్లిపోతుంటుంది కదా, అందుకని మూడు నెలలకోసారి పిల్ల వస్తుంది. ఒక్క మాట మాట్లాడదు. మూటలక్క కుర్చీ వేసుకుని తల వంచుతుంది. పిల్ల తల్లి గొంతును కత్తిరించుకుని పోతుంది. ఆ పెద్దమ్మకు ఇప్పుడున్న ఉద్యోగం ఒక్కటే, ఆ పాయను పెంచడం.

పోయినసారి కత్తిరించడం అయ్యాక పిల్ల గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి, గూట్లో దువ్వెన తీసి, మిగతా జుట్టు చిక్కు తీసింది.

సరే, నువ్వు లే. కాళ్లు తిమ్మిరెక్కేదాకా విన్నావుగా, ఇక నా పని చేసిపెట్టు. మేకుకు వేలాడుతున్నదే ఆ కత్తెర, మూటలక్కది, అరువు తెచ్చాను. పట్టుకుని లాండ్రీకి పో, ఇప్పుడైతే గేటు తీసే ఉంటుంది. మూడో నంబరు దగ్గర కొత్తగా ఎవరో అమ్మాయిని పెట్టారట. కడ్డీకి గుడ్డ కట్టి ఉందేమో చూడు. ఉంటే విప్పుతూ కూర్చోకు, కత్తిరించెయ్. కత్తెర మాత్రం మర్చిపోకుండా తెచ్చివ్వు. ఎల్లుండికి మూడు నెలలు నిండుతాయి, ఆ పిల్ల వస్తుంది.